పెట్టె కాడి ముచ్చట్లు: కాటిసీను పద్యాలు ఎవరివి?

నల్లగొండ జిల్లాలో నలభై ఏళ్లకు పైగా పద్య నాటకాలకు హార్మోనియం (నాటకాలవాళ్ల మాటలో ‘పెట్టె’) వాయించిన పెద్దమనిషి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం: నాటకం ఒకటే అయినప్పుడు ఊరికో తీరుగా, ట్రూపుకో తీరుగా ఎందుకుంటుంది?

మాస్టరుగారూ, శివరాత్రికి మా ఊళ్లో హరిశ్చంద్ర వేశారు. కాటిసీనులో పద్యాలు వింటుంటే ఏడుపు ఆగలేదు. తర్వాత కాలేజీ లైబ్రరీలో ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పుస్తకం తీసి వెతికాను. నేను విన్న పద్యాలు అందులో లేవు. మావాళ్లు తప్పు పాడారా, నాకు దొరికిన పుస్తకమే తప్పా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

రెండూ తప్పు కాదు బిడ్డా. నువ్వు విన్నవి ‘ఇచ్చోటనే’ అని, ‘ఎన్నో యేండ్లు’ అని మొదలయ్యే పద్యాలే అయితే అవి బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. స్మశానవాటి అనే ఖండికల ఉంటయి. ఆయన హరిశ్చంద్రను మనసుల పెట్టుకొని రాయలే. ఏ నాటకం కోసమూ రాయలే. వల్లకాడు మీద చెప్పుకున్న కవిత్వం అది. నటులు దాన్ని ఎత్తుకొచ్చి కాటిసీన్ల పెట్టుకున్నరు. డి.వి. సుబ్బారావు గారి లాంటోళ్ల గొంతుల పడి ఊరూరికీ పోయింది. ఇగ ఇప్పుడు ఆ పద్యాలు లేకుంట కాటిసీను ఆడితే జనం పైసలు వాపసు అడుగుతరు.

ఎందుకు పెట్టుకున్నరంటే నాకు తెలిసినంతల రెండు కారణాలు. ఒకటి మోటు కారణం. చంద్రమతి వేషగాడు చీర మార్చుకొని, జుట్టు ఇప్పుకొని, లోహితుని వేషం కట్టిన పిల్లగాణ్ని చేతుల మీద ఎత్తుకొని వచ్చేదాకా హరిశ్చంద్రుడు ఒక్కడే స్టేజీని నిలబెట్టాలె. ఆ పిల్లగాడు అప్పటికే తెర ఎనక నిద్రపోయి ఉంటడు, వాణ్ని లేపాలె, మల్ల సచ్చినట్టు పండుకోమని చెప్పాలె. దానికి టైం కావాలె. రెండోది అసలు కారణం. హరిశ్చంద్రుని పద్యాలల్ల ఉన్నది ఆయన బాధ. రాజ్యం పోయింది, ఆలి పోయింది, కొడుకు పోయిండు. మనం ‘అయ్యో’ అంటం. జాషువా పద్యం ఎత్తుకుంటే అట్ల కాదు. ముందట చాపల మీద కూసున్నోళ్లకు వాళ్ల వాళ్ల సచ్చిపోయినోళ్లు యాదికొస్తరు. నీకు ఏడుపొచ్చింది హరిశ్చంద్రుని కోసం అయి ఉండదు, చూసుకో.

మా గురువుగారి హరిశ్చంద్ర నోటుపుస్తకం నా దగ్గర ఉన్నది. దుకాణాలల్ల లెక్కలు రాసే పొడుగు చిట్టా పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట. అందుల నల్ల సిరాతోని రాసింది బలిజేపల్లి వారి నాటకం. తర్వాత నీలం సిరా వస్తది. అది ఇంకో ట్రూపులకెల్లి పట్టుకొచ్చిన పద్యాలు. కాటిసీను కాడికి వచ్చేసరికి పేజీ మీద పేజీ, మైదాపిండితోని అతికించిన చీటీలు. ఒక చీటీ అయితే సిగరెట్టు డబ్బల ఉండే తళతళ కాయితం ఎనకభాగం మీద రాసింది. జాషువా పద్యాలు అట్లనే వచ్చినయి మా పుస్తకంలకు. అంచు మీద పెన్సిలుతోని గురువుగారి రాతలు: ‘ఇక్కడ రాగం వద్దు, పిల్లగాని తల్లి ముందట కూసున్నది.’ ‘దేవరకొండ: వన్స్‌మోరు రెండుసార్లు.’ చూసినవా, మీ దేవరకొండ పేరు కూడ ఎక్కింది.

ఒక ముచ్చట చెప్త. 1986ల అనుకుంట, ఒక ఊర్ల హరిశ్చంద్ర. ఊరి పేరు వద్దు. మేకప్పు నడుస్తుంటే కమిటీ పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూసొని, చెవుల చిన్నగ చెప్పిండు: “ఆ అస్పృశ్యత పద్యం ఒక్కటి దాటేయమను.” జాషువా పద్యాలల్ల ఒకదాంట్ల, ఈ వల్లకాట్ల అస్పృశ్యత తిరుగుటకు చోటే లేదని ఉంటది. పెద్దమనిషికి అది గుచ్చింది. మా హరిశ్చంద్రుడు టైలరు పని చేసుకునేటోడు, లొల్లి పెట్టుకునే మనిషి కాదు. సరే అన్నడు. స్టేజీ ఎక్కిండు, రెండు పద్యాలు పాడిండు, ఆ పద్యం దాటేసి మాటలకు పోయిండు. అప్పుడు అటెనక నుంచి, తాటిచెట్ల కింద దళితవాడోళ్లు కూసున్న దిక్కు నుంచి ఒక ముసలాయన గొంతు: “ఇంకోటి ఉండాలె గద అయ్యా!”

వాళ్లు లెక్కపెట్టుకుంట కూసున్నరు. మా టైలరు నా దిక్కు చూసిండు. నేనేం మాట్లాడలే, పాట ఎత్తుకునే ‘స’ మెట్టు మీద వేలు పెట్టి పట్టిన. ఆయన పాడిండు. తెల్లారి లెక్క చేసేటప్పుడు మాకు రావాల్సిన దాంట్ల సగమే వచ్చింది. బస్సుకు సాలకపోతే టైలరు తన చేతి గడియారం తాకట్టు పెట్టిండు. ఆ తర్వాత ఏ ఊర్ల కూడ ఆయన ఆ పద్యం దాటేయలే.

అయ్యా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా చిన్నతనంలో వనపర్తి ప్రాంతంలో రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లవారాక మంగళం పాడేవారు. ఇప్పటి పిల్లలు కురుక్షేత్రాన్ని గంటకు కుదిస్తున్నారు. హార్మోనియం తీసేసి కీబోర్డు పెట్టారు. పద్య నాటకాన్ని చంపేస్తున్నారనిపిస్తుంది. మీరేమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

పండితులవారూ, నమస్కారం. మీ బాధ అర్థమైతది గాని, మీతోని పూరా ఒప్పుకోను.

కురుక్షేత్రాన్ని కుదించుడు ఇప్పటి పిల్లలు మొదలుపెట్టింది కాదు. తిరుపతి వెంకట కవులు పాండవుల కథ మీద ఆరు నాటకాలు రాసిన సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఊర్లల్ల కురుక్షేత్రం అని ఆడేది వాటిల పాండవోద్యోగం, పాండవ విజయం అనే రెండింటిలకెల్లి తీసి కుట్టిన బొంత. మీరు చిన్నప్పుడు తెల్లారేదాకా చూసింది కూడ బొంతనే, కాకపోతే పెద్ద బొంత. పడకసీను, రాయబారం సీను, యుద్ధం సీను. కొన్ని ఊర్లల్ల కర్ణుడే వచ్చేటోడు కాదు, ఆ రోజు కర్ణుడు పాడేటోనికి గొంతు బాగలేకపోతే.

తెల్లారేదాకా ఎందుకు ఆడెటోళ్లో కూడ యాది చేసుకోవాలె. చుట్టుపక్క ఊర్లకెల్లి బండ్లు కట్టుకొని వచ్చినోళ్లకు నడిరాత్రి నాటకం అయిపోతే యాడికి పోవాలె? చీకట్ల పాములు, తేళ్లు. పొద్దుపొడిచేదాకా ఆడాలె, అది పద్యం కోసం కాదు. ఇప్పుడు నాటకం అయినంక పది నిమిషాలల్ల బైకు మీద ఇంట్ల ఉంటున్నరు.

ఇంకో సంగతి. ఆ పెద్ద నాటకాలల్ల కృష్ణుడు ఒక్కడు కాదు, ముగ్గురు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకరు, తర్వాతి సీన్లకు మూడో ఆయన. కాంట్రాక్టరు పెద్ద పేర్లు వాల్‌పోస్టరు మీద వేయాలె గద! చూసేటోళ్లకు పండుగ, నాకు చావు. మొదటి కృష్ణుడు ఐదు శృతి అంటడు, అంటే పెట్టె మీద ఐదో తెల్లమెట్టు. రెండో కృష్ణుడు “మొన్న జలుబు చేసింది మాస్టరూ, నాలుగుకు దించు” అంటడు. మూడో ఆయన ఒకసారి నాలుగు ఎక్కువ, మూడు తక్కువ, మధ్యల పెట్టమన్నడు. మధ్యల ఏముంటది? మూడుకు, నాలుగుకు నడుమ నల్లమెట్టే లేదు. మూడున్నర శృతి ఈ లోకంల లేదు స్వామీ అంటే, “పోయిన ఊర్ల హార్మోనిస్టు పెట్టిండు గద” అన్నడు. నాలుగే పెట్టి, మూడున్నర పెట్టిన అని చెప్పిన. పాడిండు, సంతోషపడ్డడు. అదే వేషం, అదే రాత్రి, ముగ్గురు కృష్ణులు మూడు తీర్ల. ఒకాయన రాగం కోసం పద్యాన్ని సాగదీసేటోడు. ఒకాయన మాట తర్వాత మాట గోడకు మేకులు కొట్టినట్టు చెప్పేటోడు. జనం ఇద్దర్నీ మెచ్చుకునేటోళ్లు.

రాగం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్న. మైకు లేని రోజులల్ల నటుని గొంతు ఆఖరి వరుసల ఉన్న ఎడ్లబండి దాకా పోవాలె. మెల్లగ చెప్తే పోదు. మాటను సాగదీయాలె, పై శృతిల పెట్టాలె. మైకు వచ్చినంక ఆ అవసరం పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు నోటి ముందట మైకు పెట్టుకొని కూడ పొలిమేర అవతలి మనిషిని పిలిచినట్టు పాడుతరు. పిల్లలు రాగం తగ్గిస్తే నాకైతే మంచిగనే అనిపిస్తది. ధర్మరాజు పద్యంల ఒక్కొక్క మాటా ఇనబడ్తది.

కీబోర్డు మీద కూడ నాకు పగ లేదు. నేనే ఒకటి కొనుక్కున్న. అందుల ఒక బటన్ వత్తితే శృతి దానంతట అదే మారుతది. మోకాళ్ల నొప్పులతోని కాలు హార్మోనియం తొక్కుడు ఈ వయసుల నాతోని కాదు.

నాకు కోపం వచ్చేది వేరే కాడ. క్యాసెట్లు వచ్చినంక అందరి కృష్ణుడు ఒక్కడైండు. గదే వరుస, గదే గమకం, గదే నవ్వు. నా దగ్గర నేర్చుకుంటానికి ఒక పిల్లగాడు వచ్చిండు, గొంతు బంగారం. ఒక పద్యం పాడుకుంట పాడుకుంట నడుమ మాట సగం మీద ఆగిపోతడు, ఊపిరి తీసుకొని మిగిలిన సగం పాడుతడు. “గాడ ఎందుకు ఆపుతున్నవురా?” అంటే తెల్వదు అన్నడు. మర్నాడు క్యాసెట్టు తెచ్చి ఇనిపిచ్చిండు. టేపు ఒకపక్క అక్కడ అయిపోయింది! తిరగేస్తే రెండోపక్క మిగిలిన సగం మాట. వీడు అదే పాఠం అనుకొని, ఆ మాటను తెంపి తెంపి సాధన చేసిండు. దాన్ని మాన్పిచ్చుటానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చినయి. ఫోన్ల అయితే ఆగుడు లేదు, నడుమ ప్రకటన ఒస్తది.

మాస్టరుగారూ, ‘మీరజాలగలడా’ పాట మీద మా ఇంట్లో పంచాయితీ. సినిమా కోసం రాశారని మావారు, కాదు స్టేజీ పాట అని మా అత్తగారు. ఎవరి మాట నిజం?
– గృహిణి, మిర్యాలగూడ

అత్తగారు గెలిచిండ్రు చెల్లె. శ్రీకృష్ణ తులాభారం ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం. అందుల సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారు ఆ పాటను స్వయంగా రాసుకొని నాటకంల కలుపుకున్నరు. రాసిన కవి పుస్తకం ఒకటి, ఆడిన నటుని పాట ఒకటి. ఇప్పుడు తులాభారం అంటే చానమందికి యాదికొచ్చేది ఆ పాటనే. 1966ల సినిమా తీసినప్పుడు కూడ దాన్ని వదులుకోలేకపోయిండ్రు, సుశీలమ్మ పాడింది.

నాకు ఇందుల నచ్చిన సంగతి ఏందంటే, ఆ పాటను ఒక మగాయన ఆడవేషంల పాడుటానికి కట్టిండు. చీరకొంగు తిప్పుడు, నడక, గర్వం, అన్నీ మగమనిషి గమనించి పోగుచేసినయి. తర్వాత మా ట్రూపులకు ఆడోళ్లు సత్యభామ కట్టుటానికి వచ్చినంక అదే పాటను చాన తక్కువ కులుకుతోని పాడేటోళ్లు. ఒకామెను అడిగితే, “నేను ఆడదాన్నే గద మాస్టరూ, మల్ల నటించుడు ఎందుకు?” అన్నది. నేను తాళం వాయించే ఆయన మొకం చూసిన, ఆయన నా మొకం చూసిండు. మీ ఆయనకు ఈ జవాబు చదివి ఇనిపియ్యి, అత్తగారి ముందటనే.

అయ్యా, మాది వ్యాపార కుటుంబం. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్రతో మా కులాన్ని నవ్వులపాలు చేశారని మా నాయన ఎప్పుడూ బాధపడేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నాటకాన్ని నిషేధించారు కూడా. కాళ్లకూరి నారాయణరావు గారు నిజంగా మమ్మల్ని తిట్టడానికే రాశారా?
– దుకాణదారు, సూర్యాపేట

కాళ్లకూరి వారు రాసింది వేశ్యాలోలత్వం మీద. దానిల పడి ఇండ్లు గుల్ల చేసుకున్నోళ్లకు బుద్ధి చెప్పుటానికి. సుబ్బిశెట్టి అందుల ఒక పాత్ర. ఆ పాత్రను ఊదిపెంచింది ఎవరో నేను చెప్తా, ఎందుకంటే అందుల నా చెయ్యి ఉన్నది.

2022 జనవరిల ఆంధ్ర ప్రభుత్వం నిషేధం పెట్టినప్పుడు టీవీల అందరూ పుస్తకం గురించి మాట్లాడిండ్రు. మేము ఆడింది పుస్తకం కాదు. మా సుబ్బిశెట్టి వేషగాడు లోపలికి అడుగు పెడుతుంటే నేను పెట్టె మీద ఒక చిన్న బిట్టు వాయించేటోణ్ని, పైనుంచి కిందికి జారుకుంట వచ్చే బిట్టు, అరటితొక్క మీద కాలు పెట్టినట్టు. జనం నవ్విండ్రు. మర్నాడు ఇంకో ఊర్ల ఆయన లోపలికి వచ్చి ఆగిండు, నా బిట్టు కోసం. వాయించిన. మల్ల ఎనకకు పోయి మల్ల వచ్చిండు. మల్ల వాయించిన. పదిహేను నిమిషాల సీను ఏడాది తిరిగేసరికి ముప్పావు గంట అయింది. అందుల సగం మాటలు ఏ పుస్తకంల లేవు, ఇంట్ల ఆడోళ్ల ముందట అనేటియి కావు. నాటకంల ఇంకో పాత్ర భవానీశంకరం, ఆయన పద్యాలకు టైం సాలక కోసేసినం. కాళ్లకూరి వారు లేచి వచ్చి చూస్తే ఇది నాదేనా అని అడిగేటోడు.

ఒక ఊర్ల ముందు వరుసల ఒక కిరాణా దుకాణం ఆయన కూసున్నడు. మాకు రాత్రి అన్నం ఆయన ఇంట్లనే. జంపఖానలు కూడ ఆయనే పంపిచ్చిండు. పక్కన ఆయన బిడ్డ, పది పన్నెండేండ్లు ఉంటయి. మా ఆయన కులం మాట ఒకటి ఎత్తుకొని, దాని మీద పాట కట్టిండు. నేను బిట్టు వాయించిన. దుకాణపాయన లేచి, ఏమీ అనకుంట, కూసున్న చెద్దరు మడతపెట్టుకున్నడు. నాలుగు మడతలు, అంచులు కలిపి, నిదానంగ. బిడ్డ చెయ్యి పట్టుకొని పోయిండు. తెల్లారి మాకు చాయ్ కూడ ఆయన ఇంటి నుంచే వచ్చింది. ఆయన రాలే.

ఆ తర్వాత నేను చింతామణికి పెట్టె పట్టలే. నిషేధం పెట్టుడు తప్పా ఒప్పా అని అడిగితే, పుస్తకాన్ని ఆపొద్దు అంట. మేము ఆడిన ముప్పావు గంటను మాత్రం ఎవడన్న ఆపి ఉంటే బాగుండు అంట. మీ నాయనగారు బతికి ఉంటే నా మాటగ క్షమించమని చెప్పు.

సార్, మా తాతది పెద్దగట్టు జాతర కాడ గొల్లసుద్దులు చెప్పే ఇల్లు. ఇప్పుడు సభల్లో, పథకాల ప్రచారంలో కూడా గొల్లసుద్దులు చెప్తున్నారు. గొంగడి, కర్ర ఉంటే చాలు అదే కళ అయిపోతుందా? అసలును పాడు చేసినట్టు కాదా?
– లెక్చరరు, భువనగిరి

మీ ప్రశ్నకు మీ జిల్లానే జవాబు చెప్పింది, డెబ్బై ఎనభై ఏండ్ల కిందట. తెలంగాణ సాయుధ పోరాటంల పాటలు కట్టిన సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులు ఎత్తుకున్నరు. భుజాన గొంగడి, చేతుల కర్ర, ఒకాయన కథ ఎత్తుకుంటే పక్కన ఇద్దరు వంతపాడుడు, వంకర ప్రశ్న అడుగుడు, ఇవేవీ మార్చలే. లోపల ఉన్న కథను తీసి పక్కన పెట్టి, దొరల వెట్టిని, నిజాం పాలనను పెట్టిండు. వినేటోళ్లకు కొత్తగ ఏమీ నేర్పాల్సిన పని పడలే. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ వంత అందుకోవాలో వాళ్లకు పుట్టినకాడి నుంచి తెలుసు. అట్లనే వీర తెలంగాణ అని యక్షగానం కూడ రాసిండు. రాజు వేషం, మంత్రి వేషం తెలిసిన జనానికి దొర వేషం అర్థం చేసుకోవడం ఎంతసేపు?

పథకాల ప్రచారం వేరే. అక్కడ పక్కన ఉన్న ఇద్దరు వంకర ప్రశ్న అడగరు. “ఔను ఔను” అంటరు, గంతే. మీ తాత ఇంటి సుద్దులల్ల వంతగాడు ఎట్లెట్ల ఎదురు తిరిగేటోడో మీరు ఇనే ఉంటరు. కథ మారినా నాకు బాధ లేదు, ఆ వంతగాని నోరు మూసినకాడ మాత్రం కర్ర, గొంగడి ఉత్త సామాన్లు.

ఇదే వరుసల ఇంకొకటి. మా భూమి నాటకం 1947ల సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు కలిసి రాసిండ్రు. కథ మన తెలంగాణ రైతుది. ఆడింది మాత్రం ప్రజానాట్యమండలి వాళ్లు, ఆంధ్ర ఊర్లల్ల. తర్వాత మద్రాసు ప్రభుత్వం దాన్ని ఆపించింది. మా నాయన చెప్పేటోడు, మన ఊర్ల జరిగిన కథను మనకంటే ముందు కృష్ణా జిల్లా వాళ్లు టికెట్టు కొని చూసిండ్రు అని. చాన ఏండ్ల తర్వాత మా దిక్కు దాంట్ల ఒక సీను ఆడినం. పుస్తకంల ఉన్న మాటలు మావాళ్ల నోట్ల తిరగలే. రెండో రిహార్సలుకే రైతు వేషగాడు పుస్తకం పక్కన పెట్టి, వాళ్ల అవ్వ మాట్లాడినట్టు మాట్లాడుడు మొదలుపెట్టిండు. అప్పుడు కుదిరింది.

అన్నా, మేము కోస్గి దిక్కు నుంచి బొంబాయికి మేస్త్రీ పనికి వచ్చినోళ్లం. ఇక్కడ ఏటా ఒక ఆదివారం బాగోతం ఆడుతం. ఆరు గంటల కథను రెండు గంటలకు తెచ్చినం. నవ్వించే బుడ్డర్‌ఖాన్ వేషగాడు మరాఠీల కూడ జోకులు ఏస్తడు, పక్కింటోళ్లు వస్తరు గనుక. ఊరి పెద్దలు ఫోన్‌ల తిడుతున్నరు. ఏం జెయ్యాలె?
– భవన నిర్మాణ కార్మికుడు, ముంబై

బుడ్డర్‌ఖాన్ పేరే ఉర్దూ పేరు. పక్కింటోని భాషను నోట్ల ఏసుకొని పుట్టిన వేషం అది. మరాఠీ మాట్లాడితే తప్పేంది? మంచిగ ఆడుండ్రి. ఒక్కటి మాత్రం అడుగుత. గణపతి ప్రార్థన కోయకుండ్రి. దేవుని కోసం అంటలేను. నటులందరూ ఒక్కకాడ నిలబడి ఒక్క శృతిల గొంతు కలిపేది గా ఒక్కసారే. అది లేకపోతే ఎవరి గొంతు యాడ ఉన్నదో మీ హార్మోనిస్టుకు తెల్వదు, మొత్తం ఆట పాడైతది. నిమిషం పాడినా సరే.

మాస్టరుగారూ, మా యువజన సంఘం తరఫున వచ్చే ఏడాది హరిశ్చంద్ర వేద్దామనుకుంటున్నాం. ఒక్కో ట్రూపును అడిగితే ఒక్కో స్క్రిప్టు ఇస్తున్నారు. అసలైన, పూర్తి స్క్రిప్టు మీ దగ్గర ఉంటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపగలరా?
– యువజన సంఘం సభ్యులు, అచ్చంపేట

ఫోటోలకు ఆ చిట్టా పుస్తకం ఆగదు తమ్ముళ్లూ. ఇప్పితే కొన్ని పేజీలు చేతికి వస్తున్నయి, మైదాపిండికి పురుగు పట్టింది. పుస్తకం మా ఇంటి గడప దాటదు. మీరే నల్లగొండ రావాలె, ఇద్దరు రండి, మూడు రోజులు ఉండేటట్టు రండి. చేత్తోని రాసుకోవాలె. ఒకరు చదవాలె, ఒకరు రాయాలె, నేను పెట్టె మీద వరుస చెప్త. బలిజేపల్లి వారి అచ్చుపుస్తకం కూడ ఎంట తెచ్చుకోండి. ఏది ఆయనదో, ఏది జాషువా గారిదో, ఏది మా టైలరు కలిపిందో పక్కన రాసుకోవాలె. రేపు ఎవరన్న అడిగితే చెప్పుటానికి ఉండాలె.

రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. కుడిపక్క పేజీల మీదనే రాయండి, ఎడమపక్క ఖాళీ పెట్టండి. మీ హరిశ్చంద్రుడు ఏ శృతిల పాడుతడో ముందే తెలుసుకొని రండి, మూడున్నర అని మాత్రం అనకుండ్రి. మాఘమాసంల రాకండి, పెండ్లిండ్లు ఉంటయి, కీబోర్డు పట్టుకొని నేను ఇంట్ల ఉండను.